సుద్దముక్కతో రాసిన 8

మార్చి 22, శనివారం

ప్రొద్దుటూరు నుంచి స్పీకర్ పెట్టె వచ్చేసింది. ఆటోలోంచి దించి మా వరండాలో కడప బండల మీద పెట్టేసరికి నా నడుము, ఆటో అన్న నడుము రెండూ పట్టేశాయి. 18 ఎంఎం ప్లైవుడ్డు, వడ్రంగి చేతి పని, ముందు నల్ల గుడ్డ, లోపల రెండు 12 ఇంచుల స్పీకర్లు. డీజేలు వచ్చాక ప్రోగ్రాములు తగ్గిపోయి ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు సామానంతా అమ్మేస్తుంటే నాకు దొరికింది. వెనక పలక మీద సుద్దముక్కతో పెద్దగా 8 అని రాసుంది. అమ్మినాయన ఆ అంకె మీద వేలు పెట్టి, "ఎయిట్ ఓమ్స్ బ్రదర్, గ్యారంటీ" అన్నాడు. ఓము అంటే కరెంటుకి ఉండే అడ్డుని కొలిచే లెక్క.

దీన్ని నా వాల్వు యాంప్‌కి జత చేయాలి. వాల్వు యాంప్ అంటే ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాల్వులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్. యాంప్ పోయినేడు బెంగళూరులో ఒక హాబీ మనిషి దగ్గర కొన్నది, ఆయన చేత్తో కట్టింది. రెండు ఈఎల్84 వాల్వులు, 18 వాట్లు, వెనక మూడు స్పీకర్ జాక్‌లు: 4, 8, 16 ఓములకి. ఇన్నాళ్ళూ అరువు తెచ్చుకున్న ఒంటి స్పీకర్‌తో నెట్టుకొచ్చాను. ఏప్రిల్ 20న ఈస్టర్. తెల్లవారుజామున చర్చి ఆవరణలో ఆరాధన, క్వైర్‌లో గిటార్ నాది. ఆ రోజుకి ఈ పెట్టె మోగాలి.

సాయంత్రం 8 జాక్‌లో పెట్టి వాయించాను. సౌండు ఉంది, కండ లేదు. కింది 'ఈ' (E) తీగ, అంటే గిటార్‌లో అన్నిటికన్నా మందపు తీగ, కొడితే రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. రెండు నిమిషాలకే ఆపేశాను.

ఆపడానికి కారణం భయం. రెండేళ్ళ కింద క్రిస్మస్‌కి ట్రాన్సిస్టర్ యాంప్‌కి రెండు పెట్టెలు తగిలించాను. రెండూ 8 ఓములవి, యాంప్ వెనక 'కనీసం 8' అని ఉంది. నేను 'రెండూ ఎనిమిదే కదా' అనుకున్నాను. పక్కపక్కన కలిపితే 4 అవుతుందని డిప్లొమాలో పరీక్షకు రాశాను గానీ చేతికి రాలేదు. మూడో పాటకి పొగ. ఈసారి కొలిచి, రాసుకుని, అప్పుడే ముందుకు పోతాను. అందుకే ఈ డైరీ.

మార్చి 23, ఆదివారం

మల్టీమీటర్ తీశాను. 200 ఓముల రేంజిలో పెట్టి ముందు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఆనిస్తే 0.3 చూపించింది. అది వైర్లది, తీసేయాలి. యాంప్ నుంచి విడదీసిన కేబుల్ కొన మీద పెడితే 4.6. అంటే పెట్టె 4.3.

ఇక్కడ ఒక సంగతి. స్పీకర్ మీద రాసే 8, 16 అనేవి ఇంపీడెన్స్, అంటే ఏసీకి (అటూ ఇటూ మారే కరెంటుకి) అది చూపించే అడ్డు. మీటర్ కొలిచేది డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) అడ్డు, అంటే కాయిల్‌లో రాగి తీగ అడ్డు మాత్రమే. అది ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది. 4 ఓముల స్పీకర్ మూడు, మూడున్నర దగ్గర. 8 ఓములది ఆరు నుంచి ఏడు లోపల. 16 ఓములది పన్నెండు, పదమూడు. ఇది ఎలక్ట్రికల్ వాళ్ళందరికీ తెలిసిన లెక్కే.

మరి 4.3 ఏంటి? నాలుగుకి ఎక్కువ, ఎనిమిదికి బాగా తక్కువ. మీటర్ బ్యాటరీ మార్చి మళ్ళీ చూశాను. 4.3.

మార్చి 24

ఆఫీసు నుంచి రాగానే వెనక పలక విప్పాను. పద్దెనిమిది స్క్రూలు, అందులో నాలుగు తుప్పు పట్టి తల అరిగిపోయాయి. లోపల అరచేయి మందాన దుమ్ము, బల్లి గుడ్లు, ఒక పెళ్ళిపత్రిక.

రెండు స్పీకర్లూ ఒక జాతివి కావు. ఎడమ దాని అయస్కాంతం పెద్దది, కుడి దాని కోన్ (ఊగే కాగితం గరాటు) ముదురు రంగు. ఎవరో ఎప్పుడో ఒకటి కాలిపోతే చేతికి దొరికింది బిగించారు. స్టిక్కర్లు రెండింటికీ లేవు. ఒక్కో దాని వైరు ఊడదీసి కొలిచాను. ఎడమది 6.5. కుడిది 12.7.

అంటే ఒకటి 8 ఓములది, ఇంకోటి 16 ఓములది. రెంటినీ పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపారు. 8ని 16తో గుణించి 24తో భాగిస్తే 5.33. మీటర్ లెక్కా అంతే: 6.5, 12.7 కలిస్తే సరిగ్గా 4.3. నిన్న రాత్రి బ్యాటరీని తిట్టినందుకు దానికి సారీ.

ప్యారలల్‌లో రెండింటికీ అందే వోల్టేజి ఒకటే కాబట్టి, అడ్డు తక్కువున్నది ఎక్కువ తింటుంది. 18 వాట్లలో ఎనిమిది ఓములది 12 తింటే, పదహారుది 6తో సర్దుకుంటుంది. ఒకే కంచంలో పెట్టిన అన్నదమ్ముల లాగా.  

5.33ని ఏ జాక్‌లో పెట్టాలి? ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మా తాత చెప్పే కపిల (ఎద్దులతో బావి నీళ్ళు తోడే ఏర్పాటు) కథతో నాకు ఎక్కువ అర్థమవుతుంది. బావి గట్టు మీద ఎద్దులు పల్లానికి నడుస్తుంటే బాన పైకొచ్చేది. బాన మరీ పెద్దదైతే ఎద్దులు రొప్పుతాయి. మరీ చిన్నదైతే నడక దండగ. ఎద్దుల బలానికి తగ్గ బాన కట్టాలి. రెండు ఈఎల్84లకి తగ్గ బరువు సుమారు 8000 ఓములు. స్పీకర్ 8 మాత్రమే. మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 1000 రెట్లు పెంచి చూపిస్తుంది. చుట్ల నిష్పత్తి వర్గం చేస్తే ఇంపీడెన్స్ నిష్పత్తి కాబట్టి, వెయ్యికి వర్గమూలం, సుమారు 32 చుట్లకి ఒక చుట్టు. 8 జాక్‌లో 5.33 పెడితే వాల్వులకి 5300 కనిపిస్తుంది, బాన పెద్దదైనట్టు. 4 జాక్‌లో పెడితే 10,700, కాస్త చిన్న బాన. ఏదీ యాంప్‌ని చంపేంత తేడా కాదు. రెండింతల తేడా వరకు మంచి ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా తట్టుకుంటుంది.

అసలు ప్రమాదం మోకు తెగితే. తాత అనేవాడు, బాన పైకొస్తుండగా మోకు తెగితే ఎద్దులు బోర్లా పడతాయని. వాల్వు యాంప్‌కి స్పీకర్ లేకుండా వాయిస్తే అదే. ట్రాన్స్‌ఫార్మర్‌లో నిలవున్న శక్తికి పోయే దారి లేక వోల్టేజి ఎగిసి, వాల్వు సాకెట్‌లోనో, ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలోనో నిప్పు కొడుతుంది. ట్రాన్సిస్టర్ యాంప్ దీనికి తిరగబడి ఉంటుంది. అది ఎద్దు కాదు, కరెంటు మోటారు. బెల్టు తెగినా ఊరికే తిరుగుతుంది, బరువు ఎక్కువైతేనే కాలిపోతుంది. అందుకే దాని వెనక 'కనీసం 8' అని రాస్తారు, 'సరిగ్గా 8' అని రాయరు.

మార్చి 26

కాగితం మీద లెక్కలు. 16 ఓములది తీసేసి దాని స్థానంలో ఇంకో 8 ఓములది కొనాలని నిర్ణయం. అప్పుడు రెండు దారులు. ప్యారలల్‌లో కలిపితే 4. యాంప్‌కి 4 జాక్ ఉంది, ఇబ్బంది లేదు. కానీ క్వైర్‌లో బాసు వాయించే తమ్ముడి ట్రాన్సిస్టర్ యాంప్‌కి కనీసం 8. వాడు ఎప్పుడో ఒకసారి ఈ పెట్టె అడుగుతాడు, నేను లేనప్పుడు తగిలిస్తాడు, మళ్ళీ పొగ. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపితే 16. నా 16 జాక్‌కి సరిపోతుంది, వాడి యాంప్‌కీ క్షేమం, కాకపోతే వాడికి పవర్ సగానికి తగ్గుతుంది. సగం పవర్ అంటే 3 డెసిబెల్స్, చెవికి పెద్ద లోటు కాదు.

సిరీస్ అని గీత గీశాను. ఒక్కటే గుచ్చుకుంటోంది. సిరీస్‌లో ఒక స్పీకర్ కాయిల్ తెగితే దారి మొత్తం తెగుతుంది. వాయిస్తుండగా మోకు తెగినట్టే.

మార్చి 31

నిన్న ఉగాది, ఇవాళ రంజాన్. మా మైకుసెట్టు భాయ్ ఇంటికి షీర్ ఖుర్మాకి పోయాను. ఉగాదికి దేవుని కడప గుడి దగ్గర, ఉరుసుకి పెద్ద దర్గా దగ్గర హారన్లు కట్టడంలో ఈయన జుట్టు నెరిసింది. నిన్న గుడి దగ్గరే ఉన్నారట, ముస్లింలు ఉగాదికి వెంకన్న దర్శనానికి వచ్చే వరసని మైకులో సర్దుతూ. నాకు మీటర్ పట్టుకోవడం నేర్పింది కాలేజీ కాదు, ఈయనే.

రెండో గ్లాసు తాగుతూ లెక్కల కాగితం చూపించాను. ముందు నవ్వారు.

"మేము ఓములు కూడం అబ్బీ, వాట్లు కూడతాం."

నిజమే. పందిట్లో ఇరవై హారన్లు కట్టేవాళ్ళు ఇరవైని ప్యారలల్‌లో లెక్కేస్తూ కూర్చోరు. యాంప్ నుంచి 100 వోల్టుల లైను లాగుతారు, ప్రతి హారన్‌కీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాని మీద 10 వాట్లో 15 వాట్లో ఎంచుకుంటారు. అన్నీ కూడితే యాంప్ వాట్లు దాటకూడదు, అంతే. 100 వోల్టుల మీద 10 వాట్లు అంటే 1000 ఓములు. పది హారన్లు కడితే 100 ఓములు, 100 వాట్లు. ఓముల గోల ట్రాన్స్‌ఫార్మర్‌ లోపలే తీరిపోతుంది. ఇంత తెలివైన ఏర్పాటు గిటార్ వాళ్ళకి లేదు.

తర్వాత కాగితం తిప్పి చూశారు.

"పదహారుదాన్ని ఎందుకు పీకేస్తున్నావు?"

"అది తేడాగా ఉంది కదా భాయ్. పెట్టె మీద 8 అని ఉంది."

"పెట్టె మీద నువ్వు రాసినావా? ఆ సుద్ద ఎవురో రాసినారు. రెండు పదహారులు పక్కపక్కన పెడితే ఎంత?"

ఎనిమిది.

నేను పరాయిదని బయటికి గెంటబోయింది కుడి దాన్ని. గెంటాల్సింది ఎడమ దాన్ని. రెండు 16లు ప్యారలల్‌లో 8. నా యాంప్ 8 జాక్‌కి సరి, తమ్ముడి యాంప్ కనీసానికి సరి, పవర్ సగమయ్యే సమస్య లేదు. ఒకటి తెగినా రెండోది 16గా మిగులుతుంది, మోకు మొత్తం తెగదు. ఇంటికొస్తుంటే గుర్తొచ్చింది, వాక్స్ ఏసీ30 అనే గిటార్ యాంప్‌లో కూడా రెండు 16 ఓములవి ప్యారలల్‌గానే ఉంటాయి. ఆ సంగతి ఎన్నోసార్లు చదివాను. చదివింది చదివిన చోటే ఉండిపోతుంది నాకు.

లేవబోతుంటే భాయ్ ఇంకోటి అడిగారు. "సెల్లు పెట్టి చూసినావా?"

లేదు.

అదే రోజు రాత్రి

1.5 వోల్టుల సెల్లు, రెండు వైరు ముక్కలు. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం తాకిస్తే కోన్ ముందుకు జరగాలి. ఎడమది ముందుకు జరిగింది. కుడిది వెనక్కి.

దాని టెర్మినల్ మీద ఎర్ర చుక్క ఎటు ఉన్నా, పెట్టెలో అది తిరగేసి కలిపి ఉంది. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతోంది, పల్లపు స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. వైర్లు తారుమారు చేసి యాంప్‌ 4 జాక్‌లో పెట్టి కింది 'ఈ' తీగ కొట్టాను. కిటికీ అద్దం గలగలమంది.

వారం రోజులు ఇంపీడెన్స్ మీద మోపిన నేరం దానిది కానే కాదు. 5.33 లెక్కా నిజమే, సరిచేయాల్సిందీ నిజమే, కానీ రేకు డబ్బా సౌండుకి కారణం మాత్రం తిరగబడిన రెండు వైర్లు. సెల్లుతో అర నిమిషం పని. కొంచెం సిగ్గుగా ఉంది, కొంచెం నవ్వొచ్చింది. అమ్మ లోపలి నుంచి, "పండగ అయిపోయింది గానీ పడుకో" అంది.

ఏప్రిల్ 5

కడపలో ఏడు రోడ్ల దగ్గర అంగళ్ళన్నీ తిరిగాను. 12 ఇంచులది 8 ఉంది, కారులకి 4 ఉంది. 16 అంటే ఒకాయన "హారన్ యూనిటా అబ్బీ?" అని తెచ్చిచ్చాడు. ఆయన తప్పు లేదు, మైకు హారన్ల యూనిట్లు మామూలుగా 16 ఓములవే. గిటార్ స్పీకర్ అనే మాట ఇక్కడ అంగళ్ళలో ఎవరి నోటా రాదు.

బెంగళూరులో ఉండే మా బావకి ఫోన్ చేశాను. సెలెస్టియన్ వాళ్ళు గిటార్ స్పీకర్లని చాలావరకు 8, 16 రెండు రకాల్లోనూ చేస్తారు. మార్షల్ నాలుగు స్పీకర్ల పెట్టెలో మామూలుగా 16 ఓములవి నాలుగు ఉంటాయి, రెండేసి సిరీస్‌లో, ఆ జతలు ప్యారలల్‌లో, మొత్తం మళ్ళీ 16. కాబట్టి అలాంటి పెట్టె విప్పి అమ్మేవాళ్ళ దగ్గర 16 దొరుకుతుంది. "ఎనిమిది ఇస్తే తీసుకోవద్దు బావా, దానికోసమే ఈ గోలంతా" అని మూడుసార్లు చెప్పాను.

ఏప్రిల్ 13, ఆదివారం

బావ మదనపల్లె మీదుగా వచ్చే రాత్రి బస్సులో, స్పీకర్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సీటు పక్కాయన పాయసం గిన్నె అనుకున్నాడట. పాతదే, కోన్ మీద చిరుగు లేదు, వేళ్ళతో మెల్లగా నొక్కితే కాయిల్ గీసుకోలేదు. మీటర్‌లో 12.9. బావకి నెయ్యి కారం దోశ పెట్టించి బాకీ తీర్చాను.

బిగించే పని మధ్యాహ్నం నుంచి చీకటి దాకా. ఎడమది తీశాను. కొత్తదాన్ని పెట్టి బోల్టులు ఎదురెదురువి కొంచెం కొంచెంగా తిప్పాను, ఒకేసారి బిగిస్తే ఫ్రేము వంగి కాయిల్ రాసుకుంటుంది. లోపలి వైరు కూడా మార్చేశాను, 1.5 చదరపు ఎంఎం రాగి, సోల్డరింగ్ చేసి స్లీవ్ తొడిగాను. ఎండలో వరండాలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఏది వేడో తెలియడం లేదు. తుప్పు స్క్రూ ఒకటి విరిగింది. విరిగింది విరిగినట్టే వదిలేశాను, ఇంకా పదిహేడున్నాయి.

పలక మూయక ముందే సెల్లు పరీక్ష. రెండూ ముందుకే. మీటర్: 6.4. లెక్క: 12.7ని 12.9తో గుణించి 25.6తో భాగిస్తే 6.4. దశాంశంతో సహా కలిసింది. ఇలాంటి ఆనందం ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేం.

ఏప్రిల్ 15

డీసీ అయింది, ఏసీలో ఎలా ఉందో చూడాలనిపించింది. అవసరం కాదు, కుతూహలం. ఫోన్‌లో టోన్ యాప్, తమ్ముడి ట్రాన్సిస్టర్ యాంప్ చిన్నగా పెట్టి, మధ్యలో 100 ఓముల రెసిస్టర్, దాని తర్వాత మన పెట్టె. రెండిట్లోనూ పారేది ఒకే కరెంటు కాబట్టి, పెట్టె మీది వోల్టేజిని రెసిస్టర్ మీది వోల్టేజితో భాగించి 100తో గుణిస్తే ఇంపీడెన్స్.

400 హెర్ట్జ్ దగ్గర రెసిస్టర్ మీద 2.00, పెట్టె మీద 0.17. అంటే 8.5 ఓములు. స్పీకర్ మీద రాసే అంకె సుమారు ఇంపీడెన్స్ అన్నిటికన్నా తక్కువుండే ఈ భాగానిది. ఇంకా పైకి పోతే కాయిల్ ఇండక్టెన్స్ (మారే కరెంటుని అడ్డుకునే గుణం) వల్ల పెరుగుతుంది గానీ నా చౌక మీటర్ అక్కడ చెప్పేది నమ్మను.

కిందికి దిగుతుంటే అంకెలు ఎగబాకాయి. 90 హెర్ట్జ్ దగ్గర రెసిస్టర్ మీద 1.60, పెట్టె మీద 0.70. 44 ఓములు! అది స్పీకర్ సొంత ఊగుడు, రెజొనెన్స్. అక్కడ కోన్ తనంతట తానే ఊగుతూ, కాయిల్ జనరేటర్‌లా మారి వచ్చే కరెంటుకి ఎదురు నిలబడుతుంది. గిటార్ కింది 'ఈ' తీగ 82 హెర్ట్జ్, దానికి ఇంటి పక్కనే. నా యాంప్‌లో ఫీడ్‌బ్యాక్ లూప్ (బయటికి పోయే సిగ్నల్‌ని వెనక్కి చూసుకుని సరిచేసుకునే ఏర్పాటు) లేదు కాబట్టి ఇంపీడెన్స్ ఎక్కడ పెరిగితే అక్కడ వోల్టేజి కూడా పెరిగిపోతుంది. వాల్వు యాంప్‌లో ఆ తీగ బొద్దుగా వినిపించడం, ట్రాన్సిస్టర్‌లో గట్టిగా పొడిగా వినిపించడం, రెండింటికీ సగం కారణం 44 ఓముల ఈ ఒక్క గుట్ట.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే. వాయించలేదు. కేబుల్ ఒక్కటే మార్చాను. ఇన్నాళ్ళూ యాంప్‌కీ పెట్టెకీ మధ్య గిటార్ కేబుల్ వాడుతున్నాను. అందులో లోపలి తీగ వెంట్రుక మందం, ఆంపియర్లు మోయడానికి చేసింది కాదు. లోపల తెగితే వాల్వు యాంప్‌కి మళ్ళీ మోకు తెగడమే. రెండు జాక్‌లు కొని, మిగిలిన 1.5 వైరు రెండు మీటర్లతో స్పీకర్ కేబుల్ కట్టాను. గిటార్ కేబుల్‌తో కలిసిపోకుండా రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

నాలుగుంపావుకి చర్చి ఆవరణలో దించాం. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: ముందు స్పీకర్ కేబుల్, తర్వాత కరెంటు, తర్వాత స్టాండ్‌బై (వాల్వులు వేడెక్కాక సౌండు వదిలే స్విచ్). ఆపేటప్పుడు కేబుల్ చివర్న. వాల్వులు ఎర్రబడేసరికి దూరంగా పాలకొండలు కనిపించాయి. గంటన్నర వాయించాను. మధ్యలో తమ్ముడి యాంప్ మొరాయిస్తే రెండు పాటలు బాసు కూడా ఇందులోంచే పోయింది. అది నాకు ఇష్టం లేదు, ఊరుకున్నాను. ఆరాధన అయ్యాక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పైకవరు మీద చేయి పెట్టాను. గోరువెచ్చగా ఉంది, చేయి ఉంచగలిగాను. ముందు వరసలో పెద్దమ్మ ఒకామె "సౌండు ఎక్కువైంది నాయనా" అన్నారు. పెట్టె అంతకు ముందు ఆమె వైపు తిప్పి ఉంది, అది నా తప్పే.

సాయంత్రం భాయ్ వచ్చి తీసేసిన 8 ఓముల స్పీకర్‌ని తీసుకుపోయారు, టీ అంగడి పెట్టెకి పనికొస్తుందట. దాని మీద మార్కర్‌తో 8 అని రాసే ఇచ్చాను. తర్వాత మన పెట్టె వెనక పలక తడిగుడ్డతో తుడిచాను. సుద్ద పోయింది. అదే చోట తెల్ల పెయింటుతో రాశాను: 16, 16, ప్యారలల్, 8. పక్కన తేదీ, మీటర్ చూపించిన 6.4.